పాత కాలు

నూకరత్నం కుడికాలి చెప్పు సంతలో ఉల్లిపాయల బస్తాల దగ్గరే ఉండిపోయింది. ఆవిడ మాత్రం జనాన్ని తోసుకుంటూ టీ కొట్టు దాకా వచ్చేసింది. సంచులు మోసుకుంటూ వెనకాల వస్తున్న తనూజ దారిలో ఆ చెప్పుని చూసి ముందు ఎవరిదో అనుకుంది. తర్వాత అమ్మ పాదాల వైపు చూసింది. ఎడమకాలు చెప్పులో ఉంది. కుడికాలు నేరుగా కంకరరాళ్ళ మీద ఉంది. ఆ కాలు తనది కానట్టు నూకరత్నం టీ వాడితో నవ్వుతూ కబుర్లాడుతోంది.

“అమ్మా, రెండో చెప్పేది?”

నూకరత్నం కిందికి చూసుకుంది. “ఓలమ్మ, జారిపోనాది” అని, తనూజ వెనక్కెళ్ళి తెచ్చిన చెప్పు తొడుక్కుని, టీ తాగి, బండెక్కింది.

నర్సీపట్నం నుంచి చింతపల్లి దాకా ఆ ఘాట్ రోడ్డు మీద నూకరత్నాన్ని ఎరగనివాళ్ళు లేరు. మొగుడు జీపు తోలడం నేర్పి, నేర్పిన కొన్నేళ్ళకే జ్వరమొచ్చి పోయాడు. చీర మీద ఆయన ఖాకీ చొక్కా వేసుకుని ఆవిడ ఆ జీపే తోలి కూతుర్ని ఇంజనీరింగు చదివించింది. జీపులు మారాయి, రోడ్డు వెడల్పయింది, ఖాకీ చొక్కా మాత్రం మారలేదు. స్టాండులో కొత్తగా చేరిన కుర్రాళ్ళని “ముందు కొన్నాళ్ళు రత్నమ్మక్క పక్కన కూచుని రా” అని పంపేవారు. ఆవిడ బ్రేకు వేస్తే వెనక సీట్లో నిద్రపోయేవాడికి మెలకువ రాదని చెప్పుకునేవారు.

ఆ సాయంత్రం ఘాట్ దిగేటప్పుడు తనూజ పక్క సీట్లో కూర్చుని రోడ్డుని కాదు, అమ్మ కాలిని చూసింది. ఒక మలుపులో కాలు బ్రేకు మీదికి కొంచెం ఆలస్యంగా వచ్చింది. టైర్లు కీచుమన్నాయి. వెనక ఎవరో “అబ్బ” అన్నారు.

“రోడ్డు తడిగా ఉన్నాది” అంది నూకరత్నం.

రోడ్డు తడిగా లేదు.

ఇంటికొచ్చాక తనూజ మెల్లగా మాట కదిపింది. “డాక్టరు చెప్పాడు కదమ్మా, షుగరు వల్ల కాళ్ళలో నరాలు మొద్దుబారిపోతాయని. ఇంక బండి ఆపేస్తే ఏం?”

“ఆపేసి, ఏటి చెయ్యమంటావు? నీ ఇంటికొచ్చి గోడలు చూస్తా కూచోనా?” నూకరత్నం అన్నం కలుపుతూనే అంది. “నా కాలు పనిచెయ్యడం లేదని నాకు తెలిస్తే ఆ పూటే తాళాలు తీసి అవతల పెట్టేస్తాను. నా కాలు సంగతి నాకు తెలీదా?”

తెలియదనే మాట తనూజ నోటి దాకా వచ్చింది. బయటికి రాలేదు.

ఆమె విశాఖలో ఇంజన్లు సరిచేసే ఒక కంపెనీలో పనిచేసేది. కాలు ఎంత నొక్కితే ఇంజను ఎంత డీజిలు తాగాలి, ఏ వాలులో ఎంత వెనక్కి లాగి పట్టాలి, బ్రేకు ఎప్పుడు పడాలి, ఇవన్నీ ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు రాయడమే ఆమె పని. కొత్త రకం బండ్లు వచ్చాక ఇంకో సంగతి కూడా మొదలైంది. ప్రతి బండీ తన డ్రైవరు కాలిని గుర్తుపెట్టుకుంటుంది. ఏ మలుపు దగ్గర ఎంత నొక్కాడు, ఎప్పుడు వదిలాడు, ముందు కెమెరాకి గొడ్డు కనిపిస్తే ఏం చేశాడు, అన్నీ. డ్రైవరు అవసరం లేకుండా ఇంజన్లని రోజుల తరబడి పరీక్షించడానికి తనూజ వాళ్ళ కంపెనీ ఆ జ్ఞాపకాలనే వాడుకునేది. షెడ్డులో ఇంజను ఒక్కటే ఉంటుంది, మనిషి ఉండడు, కానీ అది ఎవరో ఒక డ్రైవరు కాలు చెప్పినట్టే పరుగెడుతూ ఉంటుంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం భోంచేసి కునుకు తీస్తుండగా తనూజ ఆ కొత్త రకానిదే అయిన అమ్మ బండిలో కూర్చుని స్టీరింగు కింద వైరు తగిలించింది. కంపెనీ ఇచ్చిన ఫైలుని సొంతంగా మార్చకూడదు. ఆ సంగతి పదిమందికి పాఠం చెప్పేది ఆమే. అయినా ఫైలు బయటికి తీసింది. దాంతోపాటు ఆ బండి దాచుకున్న అమ్మ కాలి జ్ఞాపకాలన్నీ లాప్‌టాప్ మీద గీతలుగా వచ్చాయి. బండి కొన్న ఏడాది గీతలు ఒక రంగు, ఇప్పటివి ఇంకో రంగు.

పాత గీత ప్రతి మలుపుకీ ముందే మెత్తగా వాలిపోయేది. అంత నాజూకైన గీత తనూజ కంపెనీలో ఎప్పుడూ చూడలేదు. కొత్త గీత మలుపు దాకా తిన్నగా వచ్చి, అప్పుడు గబుక్కున పడిపోయేది. రెండింటికీ మధ్య తేడా ఒక రెప్పపాటు. ఘాట్ మీద రెప్పపాటంటే లోయ.

ఆ రెప్పపాటుని పూడ్చడానికి ఆమె ఫైలు రాసింది. అమ్మ కాలికీ ఇంజనుకీ మధ్య అమ్మ పాత కాలిని పెట్టింది. మలుపు దగ్గరికి రాగానే, లేదా కెమెరాకి ఏదైనా అడ్డు కనిపించగానే, ఇప్పటి కాలు కదిలినా కదలకపోయినా, ఆ పాత కాలు ఏం చేసి ఉండేదో బండి అదే చేస్తుంది. కాస్త ఆలస్యంగా అమ్మ కాలు వచ్చి నొక్కేసరికి పని అయిపోయి ఉంటుంది. కానీ కాలి కింద బ్రేకు మెత్తగా అణుగుతుంది, బండి ఆ నొక్కుడికే లొంగినట్టు ఒక్క పిసరు తగ్గుతుంది. తనే చేశానని అమ్మ అనుకుంటుంది. ఆ చివరి పిసరు కుదరడానికి తనూజకి నాలుగైదు ఆదివారాలు పట్టింది. మిగతాదంతా కలిపినా అంత కష్టం కాలేదు.

ఫైలు ఎక్కించిన రోజు నూకరత్నం కొండ దిగొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఏటి చేసేవే దీనికి? వెన్నలాగ ఎల్తున్నాది.”

“సర్వీసు చేశానమ్మా.”

“సర్వీసు మా మెకానిక్కూ చేస్తాడు. ఇలా ఎప్పుడెల్లింది?” అని మురిసిపోతూ లోపలికి వెళ్ళింది.

తనూజ ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయింది. అమ్మ కోసం చేశాననుకుంది. అది సగమే నిజం. గీత మీద గీత అంత చక్కగా కూర్చున్నప్పుడు ఆమెకి కలిగిన గర్వంలో అమ్మ లేదు.

ఏడాది బాగా గడిచింది. పొగమంచులో దున్నపోతు అడ్డొచ్చినప్పుడు నూకరత్నం బండి దాని కొమ్ములకి జానెడు దూరంలో ఆగిందని స్టాండంతా చెప్పుకున్నారు. “ఈ వయసులో కూడా అక్క కాలు చూడండర్రా” అన్నాడు సోమన్న. సోమన్నది పాత జీపు, కంప్యూటరూ జ్ఞాపకాలూ ఏమీ లేనిది. నూకరత్నాన్ని సొంత అక్కలా చూసేవాడు. తనూజ అతన్ని చిన్నప్పట్నుంచీ మావయ్యా అనే పిలిచేది, అతని పెళ్ళాం చిలకమ్మని అత్తా అని.

వారం వారం వచ్చి తనూజ గీతలు చూసుకునేది. పాత కాలు తప్పు చేయడం లేదు. కానీ కింద ఉన్న కొత్త గీత పల్చబడిపోతోంది. కొన్ని మలుపుల్లో అసలు గీతే లేదు. అంటే అక్కడ అమ్మ కాలు బ్రేకు మీదికి రానేలేదు. వచ్చిందనే అమ్మ అనుకుంటోంది. బండి ఎలాగూ తగ్గుతోంది కాబట్టి ఆ కాలికి ఇక తొందరే లేకుండా పోయింది. తనూజ ఆ ఖాళీలని చూసి, ఫైలుని ఇంకొంచెం సరిచేసి, లాప్‌టాప్ మూసేది.

మాఘమాసంలో ఒకసారి, ఇంకా మెరుగు పెడదామని, బండిని తనతో విశాఖ పట్టుకెళ్ళింది. “రెండ్రోజుల్లో తెచ్చేస్తానమ్మా, నువ్వు విశ్రాంతి తీసుకో” అని చెప్పింది.

మర్నాడు పొద్దున్న, ఆమె కంపెనీ షెడ్డులో ఉండగా అమ్మ ఫోను చేసింది.

“తనూ, సోమన్న కాఫీ బస్తా ఎత్తబోయి మణికట్టు బెణికించుకున్నాడు. ఇయ్యాల సంత. జనం చిక్కుడుగింజల మూటలతో రోడ్డు మీద నిలబడిపోనారు. ఆడి జీపు నేను తోల్తానని చెప్పేను. సాయంత్రం ఇంటికాడ లేనని కంగారు పడతావని చెప్తున్నాను.”

తనూజ చేతిలో వైరు ఉంది. ఎదురుగా తెర మీద ఆ రెండు గీతలూ ఉన్నాయి.

“వద్దమ్మా” అంది. “అది పాత బండి కదా.”

నూకరత్నం నవ్వింది. “పాత బండ్ల మీదే కదే నేర్చుకున్నాను. నువ్వు పుట్టకముందు కంప్యూటర్లు తోలేయా ఏటి?”

“అది కాదమ్మా...”

“ఏటి మరి?”

ఒక్క మాట. నీ కాలు పనిచెయ్యడం లేదమ్మా అని ఒక్క మాట. పక్క బల్ల దగ్గర ఇద్దరు తోటి ఉద్యోగులు ఉన్నారు. ఆ మాట చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. ఫైలు సంగతి, ఏడాది సంగతి. సాయంత్రం ఇంటికెళ్ళి తీరిగ్గా చెబుదామనుకుంది.

“ఏం లేదు. జాగ్రత్త” అంది.

“సర్లే” అని నూకరత్నం ఫోను పెట్టేసింది.

జీపు నిండా జనం, పైన మూటలు. దిగే దారిలో సగం మలుపులు దాటాక, ఒక పెద్ద ఒంపు దగ్గర, జీపు తగ్గలేదు. చివరి క్షణంలో నూకరత్నం స్టీరింగుని కొండవైపు తిప్పేసింది. జీపు రాతిగోడని రాసుకుంటూ వెళ్ళి పక్కకి పడిపోయింది. లోయవైపు పోనివ్వలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయని చూసినవాళ్ళందరూ అన్నారు. దెబ్బలు చాలామందికి తగిలాయి. ఆ జీపులోనే ఉన్న చిలకమ్మ కుడికాలు దాని కింద నలిగిపోయింది. విశాఖ పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు.

తనూజ ఆసుపత్రికి వెళ్ళేసరికి నూకరత్నం నుదుటికి కట్టుతో వరండాలో బెంచీ మీద ఉంది. విచారణకొచ్చిన అధికారి అడిగినదానికి జవాబు చెబుతోంది.

“బ్రేకు పడలేదు బాబూ. నేను నొక్కేను. గట్టిగా నొక్కేను. పడలేదు.”

ఆవిడ అబద్ధం ఆడటం లేదు. అది తనూజకి తెలుసు. నొక్కాననే ఆవిడ అనుకుంది. జీపు బ్రేకు పైపు తెగిపోయి ఉంది. ముందే తెగిందో, పడ్డాక తెగిందో చెప్పలేమని అధికారి రాసుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ ఘాట్ మీద ఒక్క గీత పడకుండా తోలిన మనిషి మాట ఇంకెవరు కాదంటారు? బండి బాగోగులు చూసుకోలేదని సోమన్న జీపుని పట్టుకుపోయారు. అతని పర్మిట్టు నిలిపేశారు.

సోమన్న చేతికి కట్టుతో వార్డు బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తనూజని చూసి లేవబోయాడు.

“లోపలికెళ్ళు పాపా, మీ అత్త మెలకువగానే ఉన్నాది.”

“నువ్వు రావా మావయ్యా?”

అతను నేలవైపు చూశాడు. “కిందటి నెల్లో పైపులు మార్పిద్దామనుకున్నాను. బాగానే ఉన్నాయి కదాని ఊరుకున్నాను. అక్క పడలేదందంటే పడలేదు. నేనే చూసుకోలేదు.” కాసేపాగి అన్నాడు, “దాని మొహం ఎలా చూడమంటావు?”

తనూజ లోపలికి వెళ్ళింది. చిలకమ్మ దుప్పటి కింద కాలు లేని చోటు పల్చగా ఉంది. “ఏడవకు పాపా” అని చిలకమ్మే ఆమె చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకున్నప్పుడు తనూజకి ఆ చేతిలోంచి తన చెయ్యి లాక్కుని పారిపోవాలనిపించింది.

ఆరోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. బండిని తెచ్చి అమ్మకి అప్పగించింది. ఫైలు తీసేయబోయి, తీసేస్తే ఇదే బండి రేపు లోయలో పడుతుందని భయపడి ఉంచేసింది. ఆ ఉంచేయడానికి కూడా ఒక మంచి కారణం దొరికినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నూకరత్నం నుదుటి కట్టు విప్పాక మళ్ళీ ఘాట్ ఎక్కింది. స్టాండులో ఆవిడ విలువ ఇంకా పెరిగింది. బ్రేకు లేని బండిని కొండకేసి కొట్టి అంతమందిని బతికించిందని అందరూ అనేవారు. ఆవిడ వద్దనేది, కానీ వింటూ కూర్చునేది. చిలకమ్మని ఇంటికి తెచ్చాక ప్రతి వారం చూడ్డానికి వెళ్ళేది. ఒకసారి తనూజ కూడా వెళ్ళింది. సోమన్న గుమ్మం పక్కన బీన్స్ గింజలు చెరుగుతున్నాడు. బండి తోలుకునే మనిషి చేతుల్లో చేట.

“ఎన్నిసార్లు చెప్పేనురా నీకు” అంది నూకరత్నం, గొంతు పెంచకుండానే. “పైపులు చూసుకో, పైపులు చూసుకో అని. ఇంటావా? ఇప్పుడు దానికి కాలు తేగలవా?”

సోమన్న తల దించుకున్నాడు. “లేదక్కా” అన్నాడు.

చేటలో గింజలు కదలడం మానేశాయి. లోపల మంచం మీద చిలకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తనూజ పెరట్లోకి వెళ్ళి, అరటిచెట్ల వెనక నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఆ వచ్చే ఆదివారం ఆమె కంపెనీ అసలు ఫైలుని బండిలోకి ఎక్కించింది. “కొత్త సర్వీసు చేశానమ్మా, ఒకసారి నడిపి చూడు” అని అమ్మని జూనియర్ కాలేజీ మైదానానికి తీసుకెళ్ళింది. సెలవు రోజు, మైదానంలో ఎవరూ లేరు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు అక్కడక్కడ పెట్టింది. అక్కడ కూడా నోటితో చెప్పే ధైర్యం ఆమెకి లేదు. బండే చెబుతుందనుకుంది.

నూకరత్నం నవ్వుతూ ఎక్కింది. మొదటి డబ్బాని గుద్దేసింది. వెనక్కి తెచ్చి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ గుద్దింది. మూడోసారి నెమ్మదిగా, నాలిక పంటికింద పెట్టుకుని, నేర్చుకునేవాళ్ళలా వెళ్ళింది. డబ్బా టైరు కింద పగిలింది.

బండి ఆపి దిగింది. “దీనికేటో అయిందే. బ్రేకు అందడం లేదు.”

“బండికేమీ అవలేదమ్మా.”

“మరి?”

తనూజ చెప్పింది. నిలబడి చెప్పలేక బండి మెట్టు మీద కూర్చుని చెప్పింది. సంతలో చెప్పు దగ్గర మొదలుపెట్టి, గీతలు, ఫైలు, పాత కాలు, ఆఖరి పిసరు దాకా. నూకరత్నం మైదానం అవతల గోల్‌పోస్టు వైపు చూస్తూ వింది.

“ఎప్పట్నుంచి?”

“కిందటేడు శివరాత్రి ముందు నుంచి.”

“దున్నపోతు అడ్డొచ్చింది...”

“అది కూడా.”

“కలెక్టరుగారి బండి ఆగిపోతే, వానలో నేను వెనక్కి దింపుకొచ్చేను...”

“అది కూడా అమ్మా.”

నూకరత్నం ఇంకా ఏవో అడగబోయి ఆగిపోయింది. ఏడాదంతా తవ్వుకుంటూ పోతే ఏదీ మిగలదని ఆవిడకి అర్థమైనట్టుంది.

“అదీ నీ కాలే అమ్మా” అంది తనూజ. “ఇంకెవరిదో పెట్టలేదు. నీదే. బండి కొన్నప్పటిది.”

“నాది కాదు. నాదైతే సోమన్న జీపులో కూడా వచ్చును.”

తర్వాత నూకరత్నం కూతురి వైపు తిరిగింది.

“ఆరోజు నేను ఫోను చేసినప్పుడు నీకు తెల్సు.”

“తెలుసు.”

“తెల్సి, జాగ్రత్త అన్నావు.”

తనూజ తల ఎత్తలేదు. తిట్టినా కొట్టినా బాగుండేది. నూకరత్నం రెండూ చెయ్యలేదు. కుడిపాదాన్ని ముందుకి చాపి, వంగి, బొటనవేలిని గోరుతో గిచ్చి చూసుకుంది. ఇంకోసారి గిచ్చింది. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

“నేను ఆడి గుమ్మంలో కూచుని ఆణ్ణే తిట్టేను” అంది. “పద.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేటి. తోలు.”

సోమన్న ఇంటికి వెళ్ళేసరికి చిలకమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సోమన్న ఎడంగా, ఆమెకి వీపు పెట్టి కట్టెలు సర్దుతున్నాడు. నూకరత్నం వాళ్ళు ఇవ్వబోయిన కుర్చీ తీసుకోలేదు. వాకిట్లో నిలబడే అంది.

“సోమన్నా, నీ జీపు బ్రేకు పడింది. నా కాలే పడలేదు.”

సోమన్న అర్థంకానట్టు చూశాడు. “ఏటక్కా?”

“నాకు కాలు మొద్దుబారిపోనాది. షుగరు. నాకు తెలీలేదు. నొక్కేననుకున్నాను, నొక్కలేదు. నీ తప్పేటీ లేదు. రేపు పొద్దున్న స్టేషనుకొచ్చి అదే రాయించేస్తాను. స్టాండులో కూడా చెప్తాను.” చిలకమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది. “నీ కాలు నేనే తీసేనే.”

నూకరత్నం కూతురి పేరు ఎత్తలేదు. ఇక ఎత్తదని తనూజకి అర్థమైంది. అంతా తన మీద వేసేసుకుంది. వయసు మీద, రోగం మీద వేసేసింది. తనూజ నోరు తెరవకపోతే సంగతి అక్కడితో ముగుస్తుంది. ఉద్యోగం ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన రాగానే ఆమె గుండెల్లో బరువు తేలికైంది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు, నిజంగా హాయిగా అనిపించింది. ఆ తర్వాత జీవితంలో ఆమెని ఎక్కువగా బాధపెట్టింది చేసిన పని కాదు, ఫోనులో అనని మాటా కాదు. ఆ వాకిట్లో కలిగిన ఆ హాయి.

“అమ్మకి తెలియకుండా చేసింది నేను అత్తా” అంది.

నూకరత్నం వెనక్కి తిరిగి “ఊరుకో” అంది.

“ఊరుకోను.” మళ్ళీ మొత్తం చెప్పింది. ఇంజను ఫైలన్నది ఏమిటో వాళ్ళకి తెలియదు కాబట్టి, అమ్మ కాలు నొక్కనప్పుడు నొక్కినట్టు బండి చేత అబద్ధం ఆడించానని చెప్పింది. అంతకంటే సరిగ్గా ఆమె ఎప్పుడూ చెప్పలేకపోయింది.

సోమన్న కట్టె చేతిలో పట్టుకునే విన్నాడు. కోపం వస్తుందని తనూజ చూసింది. అతను కట్టెని కింద పెట్టి, చిలకమ్మ పక్కకి వచ్చి, అరుగు మీద కూలబడ్డాడు.

మాట్లాడింది చిలకమ్మ. “ఇన్నాళ్ళయింది, ఈయన నా వేపు చూసి. కంచం ఇచ్చినా గోడకేసి చూస్తా ఇచ్చేవోడు. రాత్రి నేను నొప్పని మూలిగితే లేచి బయటికెల్లిపోయేవోడు. కాలు పోనాది సరే, దేవుడు రాసేడనుకున్నాను. మొగుడు కూడా పోనాడనుకున్నాను.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “నువ్వు ఆసుపత్రికొచ్చేవు, ఇంటికీ వచ్చేవు. ఒక్కసారి చెప్పుండాల్సింది పాపా.”

“క్షమించమని అడగను అత్తా.”

“అడక్కు” అంది చిలకమ్మ. చింతపండు పళ్ళెం ముందుకి లాక్కుంది.

వాళ్ళు బండెక్కేటప్పుడు తనూజ ఒకసారి వెనక్కి చూసింది. సోమన్న పెళ్ళాం మోకాలి మీద మొహం ఆనించి కూర్చున్నాడు. చిలకమ్మ గింజలు తీస్తూనే ఉంది.

నూకరత్నం అన్నట్టే అన్నీ రాయించింది, లైసెన్సు అప్పగించేసింది. తనూజ తన వాంగ్మూలం వేరే ఇచ్చింది. ఉద్యోగం పోయింది, కేసు నడిచింది, ఇంకా నడుస్తోంది. సోమన్న జీపు అతనికి వచ్చింది. స్టాండులో కొందరు నూకరత్నంతో మాట్లాడటం మానేశారు. కొందరు ఎక్కువ మాట్లాడేవారు, ఆవిడకి అది ఇంకా కష్టంగా ఉండేది.

తనూజ ఎదురుచూడనిది ఒకటి జరిగింది. సంగతి బయటపడిన నెలలోనే నర్సీపట్నం నుంచి ఒక లారీల ఆసామి వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ నాన్నకి చూపు తగ్గింది, బండి మానమంటే మానడు, ఆ ఫైలు ఒకటి పెట్టివ్వమన్నాడు. “ఎవరికీ చెప్పను పాపా, మీ మీదొట్టు” అన్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తనూజ ఎవరికీ ఇవ్వలేదు. దాని బదులు కూర్చుని ఇంకో ఫైలు రాసింది. అది బండిని నడపదు. డ్రైవరు కాలు తన పాత కాలి కంటే వెనకబడినప్పుడల్లా ఎదురుగా చిన్న ఎర్రదీపం వెలిగిస్తుంది, అంతే. ఇది కావాలంటే ఊరికే ఇస్తానని వచ్చిన అందరికీ చెప్పింది. ఆ ఫైలు కోసం ఒక్కరూ తిరిగి రాలేదు.

బండి ఇప్పుడు తనూజే తోలుతోంది. అమ్మంత బాగా కాదు. వెనక సీట్లో వాళ్ళకి మెలకువ వస్తూనే ఉంటుంది.

వానలు తగ్గాక ఒకరోజు చిలకమ్మకి కృత్రిమ కాలు అమర్చడానికి విశాఖ తీసుకెళ్ళాల్సి వచ్చింది. సోమన్నే వచ్చి అడిగాడు. తన జీపు అంత దూరం కుదుపుతుందన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. వెనక సీట్లో అతను, చిలకమ్మ కూర్చున్నారు. ముందు, తనూజ పక్కన నూకరత్నం. ఆ సీట్లో కూర్చోవడం ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

ఘాట్ దిగుతున్నారు. మలుపు వచ్చింది. తనూజ బ్రేకు నొక్కింది, బండి తిరిగింది, రోడ్డు మళ్ళీ తిన్నగా అయింది. అప్పుడు పక్కన, బ్రేకు లేని చోట, నూకరత్నం కుడిపాదం నేలని నొక్కింది.

తర్వాతి మలుపులోనూ అంతే. మలుపు అయిపోయాక, అవతలి చెట్లు కూడా వెనక్కి వెళ్ళిపోయాక, ఆ పాదం మెల్లగా, జాగ్రత్తగా, నాజూగ్గా అణిగింది.

తనూజ చూపు రోడ్డు మీంచి ఒక్కసారి కిందికి జారింది. నూకరత్నం అది గమనించింది. కిటికీ వైపు మొహం తిప్పుకుని, కుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు వంగి, చీరని పాదం మీదికి లాక్కుంది.